గోతం అడుగు

మేడం పోయారన్న సంగతి మాకు ఆమె తమ్ముడి కొడుకు వచ్చి చెప్పాడు.

మిర్చియార్డు వెనక రేకుల షెడ్డులో తొడిమెలు తీస్తున్నాం. మోటారు సైకిలు దిగి, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "ఇక్కడ కోటమ్మగారంటే ఎవరండీ?" అని అడిగాడు. అందరం తలలెత్తాం. కోటమ్మను 'గారు' అని పిలిచే మనిషి ఎవరా అని. ఆ కర్చీఫ్ పెట్టుకున్న తీరు చూడగానే నాకు మేడం గుర్తొచ్చారు. తువ్వాలు ఆమె అచ్చం అట్లానే పెట్టుకునేవారు.

"మా అత్తయ్య పోయిందండి. ఇది మీకివ్వమని చెప్పింది. మీదేనంట" అని జేబులోంచి చిన్న హోమియో మందు సీసా తీసి ఇచ్చాడు. లోపల దూది ఉంది. సీసా మెడకు ఎర్ర దారం, నీలం దారం పురిపెట్టి కట్టి ఉన్నాయి.

"ఈ రెండు దారాలేంటండీ? ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు" అన్నాడు.

కోటమ్మ చెప్పబోయి, పైట నోట్లో కుక్కుకుంది. కాసేపటికి నావైపు తిరిగి, "నువ్వు అయిదు దాకా సదివావుగా, నువ్వు సెప్పవే" అంది. నేనూ చెప్పలేకపోయాను. ఆ అబ్బాయి చూసి చూసి వెళ్ళిపోయాడు.

అందుకని రాస్తున్నాను. ఇంతకుముందు నేను రాసినవి చీటీల మీద పేర్లే. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా సరిగా తెలియడం లేదు. మేడం పేరు మాత్రం రాయను. మేము ఎన్నడూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పేరు రాస్తే ఎవరో వేరే మనిషి గురించి రాస్తున్నట్టు ఉంటుంది.

ఆమెను మొదటిసారి చూసినప్పుడు తుమ్ముతున్నారు.

గుంటూర్లో పుట్టి పెరిగి మిరపకాయ ఘాటు పడని మనిషిని నేను ఆమెనే చూశాను. కాలేజీలో రాళ్ళ గురించి పాఠాలు చెప్పేవారట. రిటైరయ్యి ఎన్నాళ్ళో కాలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నేత చీర. మెడలో నల్లతాడు, దానికి చిన్న భూతద్దం. తడి తువ్వాలు ముక్కుకు పెట్టుకుని మా వెనక నిలబడి చూస్తున్నారు. కళ్ళు ఎర్రగా అయిపోయి నీళ్ళు కారుతున్నాయి. అయినా కదలరు.

అప్పటికి నేను కోటమ్మ ముఠాలో చేరి కొద్దికాలమే. మాది ప్రకాశం జిల్లా వైపు పల్లె. పత్తికి పచ్చపురుగు పడి, దొరికిన మందల్లా కొట్టినా చావక, చేను చేనంతా తినేసి పోయింది. ఆ ఏడే నేనూ మా ఆయనా గుంటూరొచ్చాం. ఆయన యార్డులో హమాలీ పనికి, నేను తొడిమెలకు.

మేడం చూసి చూసి, తెల్లబారిన తాలుకాయ ఒకటి తీసి పక్కన పడేసిన కోటమ్మను అడిగారు. "నువ్వు నాతో మాట్లాడుతూనే ఉన్నావు. ఆ తాలుకాయ ఎలా కనపడింది నీకు?"

"మీతో మాట్టాడింది నోరమ్మా, కళ్ళు కాదు" అంది కోటమ్మ, చెయ్యి ఆపకుండా.

మేడం నవ్వబోయి తుమ్మారు. తుమ్మి, "నాకు కావలసింది ఆ కళ్ళే. ఎండలు ముదిరి మీకు ఇక్కడ పని తగ్గాక వస్తారా? మిరపకాయలు లేని పని" అన్నారు.

"మిరక్కాయల్లేని పని గుంటూర్లో ఏముందమ్మా?"

"మట్టిలో పళ్ళు ఏరడం."

"ఎవరి పళ్ళు?"

"అది కూర్చుని చెప్పాలి."

ఆమె వెళ్ళాక మా నాగేంద్రం, "శ్మశానం పనేమోనే, నేను రాను" అంది. కోటమ్మ దాని తలమీద ఒకటి మొట్టి, "శ్మశానంలో పళ్ళేరి ఆయమ్మేం చేసుకుంటది, దండ గుచ్చుకుంటదా?" అంది. చివరికి నలుగురం వెళ్ళాం. కోటమ్మ, నాగేంద్రం, శేషమ్మ, నేను.

ఊరి చివర పాత పొగాకు గ్రేడింగు షెడ్డు అది. ఓ వ్యాపారి ఖాళీగా పెట్టుకున్నాడు. కొత్త మిరపకాయ వచ్చేలోగా ఖాళీ చేస్తానని మేడం అడిగి తీసుకున్నారట. ఒక గోడ పొడుగునా మట్టి గోతాలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. లోపల అడుగు పెట్టగానే మిరపకాయ ఘాటు గుప్పుమంది.

"మిరక్కాయల్లేని పనన్నారు!" అంది కోటమ్మ.

మేడం తువ్వాలు చాటునుంచే చెప్పారు. ఆ మట్టి ఎగువన, చాలా దూరాన, నల్లరాతి గుట్టలోది. ఏళ్ళ తరబడి ఆ గుట్ట చుట్టూ తిరిగారట. ఓ ఏడు వెళ్ళేసరికి రోడ్డు కంకర కోసం గుట్టను పగలగొట్టేస్తున్నారు. మిషను మీదికి వచ్చేస్తోంది. గుంటూరు నుంచి అటు మిరపకాయలు దింపి ఖాళీగా తిరిగొస్తున్న లారీని ఆపి, అందులో ఉన్న పాత మిరపకాయ గోతాల్లోనే దొరికినంత మట్టి నింపించుకుని వచ్చేశారు. "ఇప్పుడక్కడ గుట్ట లేదు. గుంట ఉంది. ఇక మట్టంతా ఇదే" అన్నారు.

అట్లా ఎన్నో కోట్ల ఏళ్ళనాటి మట్టి గుంటూరు మిరపకాయ వాసన కొట్టేది. తెచ్చుకున్న మనిషేమో ఆ గోతాల దగ్గరికి పోలేకపోయేది. పోతే తుమ్ములు, తరవాత ఆయాసం. అందుకని షెడ్డు ఆ చివర కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చునేవారు. గోతాలు విప్పడం, మట్టి నానబెట్టడం, సన్నజల్లెళ్ళలో కడగడం, ఎండబెట్టడం ఈ చివర మేము చేసేవాళ్ళం. కడిగిన మట్టిలో బురదంతా పోయి ఇసకలాంటిది మిగులుతుంది. అది తీసుకెళ్ళి తెల్ల పళ్ళేల్లో పోసుకుని, తడి కుంచె మొనతో ఒక్కో రేణువూ పక్కకు జరుపుతూ చూడాలి.

ఏం వెతకాలో మొదటిరోజే చెప్పారు. ఎవరో తెచ్చిచ్చిన మడతకాజా ఒకటి కాగితంలో పెట్టి పట్టుకుని చెప్పారు.

"ఆ గుట్ట ఇదనుకోండి. పొరలు చూశారా? నల్లరాయి ఒక పొర, మట్టి ఒక పొర. నల్లరాయి అంటే ఒకప్పుడు నిప్పు. నేల పగిలి పొంగి, వరదలా పారింది. చల్లారాక దాని మీద నీళ్ళు నిలిచి, మట్టి చేరింది. ఆ మట్టిలో ఏవేవో బతికాయి. మళ్ళీ నిప్పు వచ్చింది." కాజాలో కింది పొర చూపించి, "ఇది కింద మట్టి. ఎర్ర దారం కట్టిన గోతాలు ఇవి. దీని మీద నిప్పు పారింది. ఇదిగో, ఆ నిప్పు మీద చేరిన మట్టి ఇది. నీలం దారం గోతాలు."

"మనం ఏరేది ఎవరి పళ్ళు మేడం?" అని నేను అడిగాను.

"చుంచెలక చూశావా, అంత జంతువు. పిల్లలకు పాలిచ్చి పెంచేది. రాక్షసి బల్లులు తిరిగే కాలంలో వాటి కాళ్ళ సందున బతికిందని నేనంటున్నాను. దాని పన్ను ఆవగింజంత."

కోటమ్మ ఆలోచించి, "పన్నే ఆవగింజంతయితే పాలెన్ని ఇచ్చుద్ది మేడం? కాఫీకి సరిపోద్దా?" అంది.

నాగేంద్రం పకపకా నవ్వింది. మేడం మాత్రం నిజంగానే లెక్క వేస్తున్నట్టు పైకి చూసి, "చీమకు సరిపోతుంది" అన్నారు.

కోటమ్మ అంతటితో ఆగలేదు. "అంతంతలావు బల్లులు పొయ్యి, ఈ చుంచెలకెట్టా మిగిలింది?"

"నేనూ అదే అడుగుతున్నాను కోటమ్మా" అని కాజా తుంచి నలుగురికీ పెట్టారు. కింది పొర ముక్క ఆమె తిన్నారు.

ఆమె బాధ ఏమిటో తరవాత మెల్లగా తెలిసింది. అంతకుముందెప్పుడో ఎర్రదారం మట్టిలో ఆమెకు ఒక పన్ను దొరికింది. సగమే, వేరు విరిగిపోయింది. దాన్ని పెద్ద ఊళ్ళలో ఉన్న పెద్దవాళ్ళకు చూపించారు. వాళ్ళేమో, ఇది కింద మట్టిది కాదు, పై మట్టిలోంచి పగుళ్ళలో జారి కిందకు పడి ఉంటుందన్నారట. పై మట్టిలో అలాంటివి చాలామందికే దొరికాయి. పై మట్టిదయితే ఆ చుంచెలక బల్లులన్నీ పోయాక వచ్చిందన్నమాట. కింద మట్టిదయితే వాటితో కలిసి బతికి, ఆ నిప్పు వరదను దాటి వచ్చిందన్నమాట.

"ఒక్క పన్ను మాట ఎవరూ నమ్మరు. రెండోది రావాలి. విరగకుండా, వేళ్ళతో సహా, ఎర్ర గోతంలోంచి" అనేవారు. ఆమెకు కావలసింది అంతే. పాతికేళ్ళుగా ఆమెకు కావలసింది అదొక్కటే అనుకుంటాను.

అందుకే దారాల దగ్గర ఆమె చాలా గట్టి. గోతం విప్పేటప్పుడు మూతి దారం తీసి మట్టి పోసిన బేసిన్‌కు కట్టాలి. బేసిన్ నుంచి జల్లెడకు, జల్లెడ నుంచి ఎండబోసిన గుడ్డకు, గుడ్డ నుంచి పళ్ళేనికి. దారం లేని పళ్ళెం ముందు పెడితే ముట్టేవారు కాదు. "గోతం చెప్పకుండా పన్ను చూపించడమంటే ఊరు చెప్పకుండా సంబంధం చెప్పడమే. పిల్ల ఎంత చక్కగా ఉన్నా ఎవడూ చేసుకోడు" అనేవారు. పెళ్ళి చేసుకోని మనిషి ఆ మాట అంటుంటే కోటమ్మకు నవ్వొచ్చేది. నాకు వచ్చేది కాదు.

ఆమె మమ్మల్ని తొందరపెట్టిన రోజు లేదు. టీకి లేవబోయి పళ్ళెంవైపు చూస్తే, "వెళ్ళవే. ఆరున్నర కోట్ల ఏళ్ళు ఆగింది, నువ్వు టీ తాగొచ్చేదాకా ఆగదా?" అనేవారు. ఆ మాట మాకు ఊతపదమైపోయింది. బస్సు తప్పిపోయినా అదే, అన్నం ఉడక్కపోయినా అదే. మా ఆయన అరుస్తుంటే నేను ఆ మాటంటే, "ఎవరే నీకీ లెక్కలు నేర్పింది?" అని నోరు తెరిచేవాడు.

కుంచె మొన సన్నగా ఉండడానికి పెదాల మధ్య పెట్టి తడిచేసుకోవడం ఆమెకు అలవాటు. ఒకరోజు పరధ్యానంలో కోటమ్మ కుంచె తీసి పెట్టుకున్నారు. కోటమ్మ పొద్దున యార్డులో చివరి కాయలకు ఒక పూట వెళ్ళి వచ్చింది. ఇక చూడండి. నోరు, పెదాలు మంటలెత్తి, నీళ్ళు తాగి, తుమ్మి, దగ్గి, బల్ల పట్టుకుని నిలబడ్డారు. శేషమ్మ పంచదార కోసం పరిగెత్తింది. కోటమ్మ భయపడిపోయి, "చేతులు నాలుగుసార్లు కడుక్కున్నా మేడం, పోతే గదా! చర్మంలోకి దిగిపోయింది" అంది. మేడం కళ్ళు తుడుచుకుని, "నీ చెయ్యి కూడా రాయి లాంటిదే కోటమ్మా. దాచుకున్నది వదలదు" అన్నారు. కోటమ్మకు అది తిట్టో పొగడ్తో తెలియలేదు. ఇంటికెళ్ళేదాకా నన్ను అడుగుతూనే ఉంది.

నేను ఒకసారి కేకవేశాను. నా పళ్ళెంలో పసుపచ్చగా, చిన్నగా, అంచు తిరిగి ఒకటి కనపడింది. ఎర్ర దారం పళ్ళెమే. "మేడం!" అంటే లేచి వచ్చారు. ఆమె నడకలో అంత వేగం ఎప్పుడూ చూడలేదు. భూతద్దం కంటికి పెట్టుకుని వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు. తరవాత నెమ్మదిగా తల ఎత్తారు.

"మిరప విత్తనం" అన్నారు.

గోతంలోంచి కలిసిందన్నమాట. పుట్టిన దగ్గర్నుంచి మిరప విత్తనాలు చూస్తున్నదాన్ని, పన్ను పన్ను అనుకుంటూ వాటినే మర్చిపోయాను. సిగ్గేసింది. మేడం దాన్ని కుంచెతో ఎత్తి నా అరచేతిలో పెట్టి, "పోనీలే, నీకు దొరికింది మొలుస్తుంది. నాది దొరికినా మొలవదు" అన్నారు. తిరిగి వెళ్ళి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది ఆమెకు. కిటికీ దగ్గరదాకా గోడ పట్టుకునే వెళ్ళారు.

పళ్ళెం అయిపోయాక ఒకసారి వెలుగుకు వంచి చూసి, "ఇందులో లేదు. లేనే లేదని కాదు, ఇందులో లేదు" అనేవారు. ప్రతి పళ్ళేనికీ అదే మాట. చేప పళ్ళు వచ్చేవి, నల్లగా మెరుస్తూ. నత్తగుల్లలు, తాబేటి చిప్ప పెంకులు, మొసలి పళ్ళ ముక్కలు వచ్చేవి. అన్నీ చిన్న సీసాల్లో దాచేవారు. చుంచెలక మాత్రం రాలేదు. నీలం దారంలో ఒకటి రెండు ముక్కలు వచ్చాయి. వాటిని చూసి తల ఊపి ఊరుకున్నారు.

ఎండలు పోయి వానలు వచ్చాయి. రేకుల మీద వాన పడుతుంటే షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఎర్ర దారం గోతాల వరస తగ్గుతూ వచ్చింది. ఆమె కళ్ళు కూడా తగ్గుతున్నాయని మాకు తెలుస్తోంది. పళ్ళెం ముఖానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా పెట్టుకునేవారు. మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం సగమే తిని మూత పెట్టేసేవారు. "తినండి మేడం" అంటే, "నమలడానికి ఓపిక లేదే" అనేవారు. నడుం నొప్పికి కుర్చీలో దిండు. దిండు మీద ఇంకో దిండు. మాకూ విసుగొచ్చింది. మెడలు పట్టేసేవి. ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరబోతే నాకు కళ్ళు తిరిగేవి.

తరవాత్తరవాత ఆమె "ఇందులో లేదు" అని ఆగిపోవడం మొదలుపెట్టారు. రెండో మాట మానేశారు.

చివరి ఎర్ర గోతం చివరి పళ్ళెం ఆమే చూశారు. మేమంతా పని చేస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నాం. వెలుగుకు వంచారు. ఏమీ అనలేదు. కుంచె నీళ్ళలో ముంచి కడిగి, మొన సరిచేసి, నిలబెట్టి ఆరబెట్టారు. నీలం గోతాలు ఇంకా కొన్ని మిగిలితే అవీ పూర్తిచేయించారు. అక్కర్లేకపోయినా, మొదలుపెట్టింది సగంలో ఆపకూడదని.

షెడ్డు ఖాళీ చెయ్యమని వ్యాపారి గుమాస్తా రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ఆఖరి రోజున సామాన్లు సర్దుతున్నాం. ఖాళీ గోతాలన్నీ గోడవార మడిచి పేర్చి ఉన్నాయి. "అవి మీరు తీసుకెళ్ళండి, పనికొస్తాయి" అన్నారు మేడం. అని, మేము మోస్తుంటే చూస్తూ కూర్చోలేక కాబోలు, తువ్వాలు ముక్కుకు కట్టుకుని తనూ వచ్చారు. అన్నాళ్ళలో ఆ గోతాల దగ్గరికి ఆమె రావడం అదే మొదలు. తుమ్ముతూనే ఒక గోతం ఎత్తారు. ఎత్తి, ఆగారు.

"ఇదేంటి, బరువుగా ఉంది?"

గోతం మూల తడిమారు. అక్కడ ముడి ఉంది. మేము గోతాలకు వేసే ముడి.

"ఇదేంటి కోటమ్మా?"

"అడుగు మేడం" అంది కోటమ్మ, అందులో అడగాల్సిందేముందన్నట్టు.

"అడుగంటే?"

"గోతం అడుగు దులపకూడదు గదా! ఎంత పోసినా మూలన పిడికెడు ఉంచి ముడేస్తాం. దులిపితే ఒట్టి గోతమైపోద్ది, మళ్ళీ నిండదు. మా అమ్మ అట్టానే సేసేది, మా అత్తా అట్టానే. కల్లంలోనూ అంతే. కల్లం అడుగు ఆసామి ఊడ్సుకోడు, అది సేసినోళ్ళది."

"కోటమ్మా, ఇది మట్టి కదా?"

"ఏదైతేనేం మేడం, గోతం గోతమేగా!"

మేడం ముఖానికి కట్టుకున్న తువ్వాలు కిందకు జారింది. "అన్నిట్లోనూ ఉందా?"

"అన్నిట్లోనూ."

ఆ ముఖం నాకు ఇప్పటికీ కనపడుతుంది. కోపం వస్తుందనుకుని నాగేంద్రం నా వెనక్కు వచ్చి నిలబడింది. కోపం రాలేదు. ఆ ముఖంలో వయసంతా ఒక్కసారిగా ఎటో పోయింది. ఎర్రదారం మట్టి ఇంకా ఉంది! అన్ని గోతాల అడుగున, పిడికెడు పిడికెడు. రెండు చేతుల్తో గోతాల మీద వెతికారు. మూతులు తిప్పి తిప్పి చూశారు. చూస్తూ చూస్తూ ఆమె చేతులు మెల్లబడ్డాయి.

"దారాలు?" అన్నారు.

దారాలు ఎప్పుడో బేసిన్‌లకు వెళ్ళిపోయాయి. ఆమె చెప్పిన పద్ధతే అది. ఖాళీ గోతాలన్నీ ఒక్కటే వరసలో, ఎర్రవీ నీలంవీ కలిసిపోయి, అన్నీ ఒకేలా మిరపకాయ వాసన కొడుతూ ఉన్నాయి. ఏది ఏదో ఎవరం చెప్పలేం.

కోటమ్మకు అప్పుడర్థమైంది. నెత్తిన చెయ్యి పెట్టుకుని గోడవార కూలబడిపోయింది. "అమ్మో, ఎంతపని జరిగిపోయింది! ఒక్క మాట అడగపోతిమే మేడం" అని ఏడవడం మొదలుపెట్టింది.

మేడం ఆమె పక్కన, ఆ గోతాల మీదే కూర్చున్నారు. ఆయాసం వస్తోంది. తువ్వాలు సరిచేసుకుని, "ముడులు విప్పండి. అన్నీ ఒకచోట పొయ్యండి" అన్నారు.

"ఎందుకు మేడం ఇంక? పనికిరాదుగా!" అన్నాను నేను.

"సాక్ష్యానికి పనికిరాదు. చూడ్డానికి పనికొస్తుంది" అన్నారు.

గుమాస్తాను బతిమాలి ఇంకొన్నాళ్ళు అడిగారు. అడుగులన్నీ కలిపితే పెద్ద కుప్పే అయింది. నానబెట్టాం, కడిగాం, ఎండబోశాం. ఈసారి ఏ గుడ్డకూ దారం లేదు. పళ్ళెం ముందు పెడితే అలవాటుగా దారం కోసం వేళ్ళు పోనిచ్చి వెనక్కు తీసుకునేవారు.

అది ఆమెకే దొరికింది. మధ్యాహ్నం, భోజనాల వేళ. కోటమ్మ గోంగూర పచ్చడి మూత తీస్తూ ఏదో వాగుతోంది. మేడం కుంచె గాల్లో ఆగిపోయింది. ఎంతసేపటికీ కిందకు దిగలేదు. మేము ఒక్కొక్కరం మాటలు ఆపేశాం. భూతద్దం తీసుకుని వంగి, అట్లాగే ఉండిపోయి, చివరికి "రండి" అన్నారు.

నలుగురం వరసగా చూశాం. అద్దంలో అది ఆవగింజ కాదు. మూడు చిన్న కొండలు, మధ్య లోయ. కింద రెండు వేళ్ళు, విరగకుండా. తేనె రంగు. నాకేమో అది ఇప్పుడే ఏదో తిని నోరు మూసుకున్నట్టు అనిపించింది.

"అదేనా మేడం?" అంది శేషమ్మ.

"అదే."

నాగేంద్రం చప్పట్లు కొట్టింది. కోటమ్మ కొట్టలేదు. ఎడం చేతిని చీరకు తుడుచుకుని, బల్ల మీద చుట్టపెట్టి ఉన్న ఎర్ర దారం ఉండ తీసి, ఒక ముక్క తెంపి మేడం ముందు పెట్టింది.

"కట్టండి మేడం" అంది. "సగం గోతాలు ఎర్రయ్యేగా. అది ఎర్రదే అయ్యుంటది. ఎవురు చూడొచ్చారు?"

మేడం ఆ దారం తీసుకున్నారు. వేలికి చుట్టారు, విప్పారు, మళ్ళీ చుట్టారు. పాతికేళ్ళు ఆమె వెతికింది అక్కడ పళ్ళెంలో ఉంది. దానికి కావలసిన దారం చేతిలో ఉంది. కట్టేస్తే ఆమె మాట నెగ్గుతుంది. కడతారనే అనుకున్నాను. కట్టాలనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే. ఆ జంతువు కథ మాకు ఎట్లాగూ నమ్మకమే. ఇంకెవరో ఎక్కడో నమ్మడానికి దారం ముక్క అడ్డమా అనిపించింది.

మేడం దారం విప్పి బల్ల మీద పెట్టేశారు.

"నేను చూశాగా కోటమ్మా" అన్నారు.

తరవాత నోట్లో మాటలాగా, "వాళ్ళు నన్ను నమ్మరనేగా నా బాధ. ఇది కడితే నన్ను నేనూ నమ్మను" అన్నారు. దిండుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. అలసిపోయి ఉన్నారు. కాని ఆ ముఖం ఏడ్చే ముఖం కాదు. బస్సులో చాలాసేపు నిలబడ్డాక సీటు దొరికిన మనిషి ముఖంలా ఉంది.

కళ్ళు మూసుకునే అడిగారు. "కల్లం అడుగు ఎవరిదన్నావు?"

"సేసినోళ్ళది మేడం."

"అయితే ఇది మీది."

"మాదేంటి మేడం!"

"మీ ఆచారమే కదా. మీరు దులపలేదు కాబట్టి దొరికింది." కళ్ళు తెరిచి మమ్మల్ని చూశారు. "నేనున్నన్నాళ్ళూ నా దగ్గర ఉంచుకోనా? తరవాత మీకు పంపిస్తాను."

అంత చదువుకున్న మనిషి మమ్మల్ని అడిగారు, ఉంచుకోనా అని. కోటమ్మే ముక్కు చీది, "ఉంచుకోండి మేడం. మేమేం చేసుకుంటాం, పప్పులో ఏసుకుంటామా?" అంది.

ఆ తరవాత ఆమె దాని గురించి ఎవరికీ రాయలేదనుకుంటాను. ఏడాదికి ఒకసారి, కొత్త కాయ వచ్చే రోజుల్లో యార్డుకు వచ్చేవారు. మా షెడ్డు గుమ్మం బయటే నిలబడి, తుమ్ముతూ, కాజాల పొట్లం అందించి వెళ్ళేవారు. "పన్ను బాగుందా మేడం?" అని కోటమ్మ అడిగేది. "బాగుంది. పుచ్చలేదు" అనేవారు. రాను రాను ఆ గుమ్మం మెట్టు ఎక్కలేక ఆటోలో కూర్చునే పిలిచేవారు. రెండేళ్ళుగా ఆటో రాలేదు.

ఇప్పుడు సీసా వచ్చింది.

ఎవరి దగ్గర ఉండాలన్నదాని మీద పెద్ద గొడవే అయింది. "కల్లం అడుగు పంచుకోవాలి" అంది శేషమ్మ. "పన్నెట్టా పంచుతావే, రోట్లో ఏసి దంచుతావా?" అని కోటమ్మ అరిచింది. చివరికి నెలకొకరి ఇంట్లో ఉండేట్టు ఒప్పుకున్నాం. ఈ నెల నా వంతు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. అమావాస్య పోగానే నాగేంద్రానికి ఇవ్వాలి.

ఆ అబ్బాయి దారాల సంగతి అడిగాడు కదా. ఎర్రదో నీలందో తెలియదు కాబట్టి రెండూ కట్టారు. అంతే బాబూ. మేము ఆరోజు అదే చెప్పలేకపోయాం.

నిన్న మధ్యాహ్నం పని లేక, దాన్ని ఒకసారి చూద్దామని మూత తీశాను. తీసి వెలుగుకు పట్టుకున్నాను. నా కళ్ళు కూడా అప్పటివి కావు. దూది జరిపాను. పన్ను ఉంది, తేనె రంగులో. మేడం సంగతి నాకు తెలుసు. సీసాలో పెట్టేముందు ప్రతి ముక్కనూ కుంచెతో కడిగి, సీసాను మూడుసార్లు తుడిచి, మసక మరక కూడా ఉండనిచ్చేవారు కాదు.

ఈ సీసాలో మాత్రం దూది కింద, గాజు అడుగున, చిటికెడు బూడిదరంగు మట్టి ఉంది. దులపలేదు.